పద్దెనిమిది డాలర్ల పడవ

పోయిన ఆదివారం పొద్దున నేను నేల మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. నా కూతురి కూతురు సోఫాలో కాళ్ళు మడుచుకుని సెల్‌ఫోన్ చూసుకుంటోంది. దానికి ఉద్యోగం వచ్చి రెండేళ్ళయింది. వచ్చే నెల ఆఫీసు స్నేహితురాళ్ళతో కలిసి బాలి పోవాలని దాని ఏర్పాటు. నెలన్నరగా మా ఇంట్లో అదే మాట. పెళ్ళికైనా ఇంత తర్జనభర్జన ఉండదు. ఫోనులో ఏమి కనబడిందో ఏమో, "అవ్వా, ఇది విను. ఫారిన్ టూరు పోయే ఒక్కో మనిషి ఎంత కర్చు పెడతాడని దేశం దేశానికీ లిస్టు వేసి ఉండారు" అని చదవడం మొదలుపెట్టింది. ఏ దేశంవాడు ఎక్కువ పెడతాడు, ఏ దేశంవాడు చెయ్యి బిగబట్టుకుంటాడు, పెట్టిన దాంట్లో పడకకెంత, తిండికెంత, అంగళ్ళకెంత, వేడుకకెంత. అన్నీ విడివిడిగా ఉన్నాయట. ఎవరో సంతోషంగా తిరిగొచ్చిన దాన్ని ఇంకెవరో కూర్చుని ఇట్లా గిన్నెగిన్నెకూ వేరు చేసి పెడతారా అని నాకు ఆశ్చర్యమేసింది. అంతలో అది తలెత్తి, "సుమ్మా, ఊరికే అడుగుతా ఉండా అవ్వా, నువ్వు సింగపూర్ పోయినప్పుడు ఎంత అయింది?" అంది.

నేను చేతిలో కాయ కింద పెట్టకుండానే చెప్పేశాను. టూరాయనకు కట్టింది, పాస్‌పోర్టుకు ఇచ్చింది, పెట్టెకు కొత్త తాళం వేయించింది, మీనంబాక్కం విమానాశ్రయం దాకా ఆటోకు అయింది, ఆడ దిగినాక అయిదు రోజుల్లో ఒక్కొక్కటీ, ఆఖరికి తిరిగొచ్చి విమానం దిగినాక తాగిన కాఫీ దాకా. ఇది పదిహేనేళ్ళ కిందటి మాట. అది ఫోను ఒళ్ళో పెట్టుకుని నన్నే చూసి, "నువ్వు మనిషివి కాదు అవ్వా, కాలిక్యులేటర్‌వి" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఈ మాట నాకు కొత్త కాదు. చిన్నప్పటి నుంచి ఎవరో ఒకరు ఏదో ఒక రకంగా అంటూనే ఉన్నారు. కానీ పదిహేనేళ్ళుగా ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒక రాతిమెట్టు గుర్తొస్తుంది. ఆ మెట్టు మీద నా పక్కన కూర్చున్న మా అక్క గుర్తొస్తుంది.

నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. ఇంగ్లీషులో నా పేరు రాయడం కూడా పాస్‌పోర్టు కోసం నేర్చుకున్నాను. మా నాయనకు మద్రాసు వ్యాసర్పాడిలో చిల్లర అంగడి ఉండేది. నన్ను బెల్లం మూట మీద కూర్చోబెట్టి, సరుకు తూస్తూ ధర చెప్పేవాడు, నేను మొత్తం చెప్పాలి. కాగితం ముట్టుకుంటే ఊరుకునేవాడు కాదు. "కాగితం తడుస్తుంది, చిరుగుతుంది, ఎలక తింటుంది. నోట్లో ఉండేదాన్ని ఏ ఎలక తినదు" అనేవాడు. అందువల్ల నాకు పాఠాలు రాలేదు గానీ ఎక్కాలు వచ్చాయి. పదహారో ఎక్కం, పందొమ్మిదో ఎక్కం నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. పెళ్ళై పెరంబూరు వచ్చాక వీధిలో ఎవరు చీర కొన్నా, ఎవరి ఇంటికి సున్నం వేసినా లెక్క నా దగ్గరికే వచ్చేది. అది నాకు చాలా గర్వంగా ఉండేది, ఎందుకు దాచాలి. చదువు లేనిదానికి అదొక్కటే పతకం.

మా అక్క అంటే నా తోడబుట్టినది కాదు, నా తోడికోడలు. మా బావ పెళ్ళాం. ఆమె నాకంటే ఆరేళ్ళు పెద్ద. కింద ఇంట్లో వాళ్ళు, మేడ మీద మేము. అన్నదమ్ములిద్దరూ రైలుపెట్టెల ఫ్యాక్టరీలో పని. పొద్దున సైరను కూసేలోగా రెండు క్యారియర్లు సిద్ధం కావాలి. అక్క అన్నం వండితే నేను కూర చేసేదాన్ని, మరుసటి రోజు నేను అన్నం, ఆమె కూర. ఆమె చేసే చింతపండు పులుసుకు వీధి చివరి దాకా వాసన వచ్చేది. గట్టిగా మాట్లాడేది కాదు. నవ్వితే మాత్రం ముందు భుజాలు కదిలేవి, తర్వాత శబ్దం వచ్చేది.

ఆమె పుట్టింది రాయపురంలో. వాళ్ళ నాన్న హార్బరులో ఓడల్లోంచి దిగే మూటలను లెక్క రాసుకునే గుమాస్తా. వాళ్ళ మిద్దె మీదికెక్కితే ఓడల కొనలు కనిపించేవట. పొద్దున ఉన్న ఓడ మరునాటికి ఉండదు, ఇంకొకటి వచ్చి ఉంటుంది. ఏది ఎటు పోయిందో వాళ్ళ నాన్నను అడిగితే చెప్పేవాడట. పెనాంగు, కొలంబో, సింగపూర్. పెద్దయ్యాక ఒకసారి ఓడ ఎక్కించి చూపిస్తానని ఆయన మాట ఇచ్చాడు. గుమాస్తా పిల్లల్ని గేటు లోపలికి రానిచ్చే కాలం కాదు అది. ఆమె పెద్దయింది, పెళ్ళయింది, సముద్రం వాసన కూడా రాని పెరంబూరుకు వచ్చింది. పడవ ఎక్కాలని ఆమెకు ఎంత కోరిక ఉండేదంటే, ఆ కోరికను అందరి ముందూ ఎగతాళి చేసుకునేది. "మద్రాసులో పుట్టి, ఓడలు చూస్తా పెరిగి, నేనెక్కింది బస్సు, రైలు, మా ఆయన సైకిలు" అనేది. కాశిమేడులో పడవలకు తక్కువ లేదు. కానీ అవి చేపలకు పోయే పడవలు, ఆడవాళ్ళను షికారు తిప్పేవి కావు.

ఇక్కడ మా అత్త పెట్టిన కట్టుబాటు ఒకటి చెప్పాలి. మా అత్త చాలా తెలివైన మనిషి. ఇద్దరు కోడళ్ళున్న ఇంట్లో తగవు ఎక్కడ మొదలవుతుందో ఆమెకు బాగా తెలుసు. అందుకని, ఒకరికి కొంటే ఇద్దరికీ కొనాలి, ఇద్దరికీ లేకపోతే ఒకరికీ వద్దు అని నియమం పెట్టింది. చీరైనా, చెప్పులైనా, మల్లెపూలైనా. ఒక మూర పువ్వులుంటే మధ్యకు కత్తిరించి ఇచ్చేది. ఆ నియమం పుణ్యమా అని మేమిద్దరం నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా మొహం ముడుచుకోలేదు. మా అత్త పోయాక కూడా మేము ఆ నియమం తప్పలేదు. నాకు కళ్ళజోడు వస్తే అక్క కూడా డాక్టరు దగ్గరికి పోయి పరీక్ష చేయించుకుంది. కళ్ళు బాగున్నాయని డాక్టరు చెబితే ఆమెకు కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది.

బావ పోయిన రెండో ఏడు మా వీధిలో సింగపూర్ టూరు మాట పుట్టింది. ఏటా కాశీకి, రామేశ్వరానికి జనాన్ని తీసుకుపోయే ఒకాయన, ఈసారి సింగపూర్ అన్నాడు. వంటమనిషి వెంట వస్తాడు, బియ్యం మనవే, పెరుగన్నం తప్పదు అని హామీ ఇచ్చాడు. పెరుగన్నం ఉంటే మా జనం చంద్రుడి మీదికైనా వస్తారు. నాకు చీటీ డబ్బు వచ్చి ఉంది, అక్కకు పింఛను ఉంది. మా ఇంటాయన విమానమంటే కడుపులో తిప్పుతుందని చెప్పి, ఎప్పుడూ ఎక్కకపోయినా, "మీరిద్దరూ పొయ్యి రాండి" అన్నాడు. ఆ రాత్రి అక్క మెట్లెక్కి మేడ మీదికి వచ్చింది. "మ్మే, సింగపూర్ చుట్టూ సముద్రమే గదా?" అని ఒక్కటే మాట అడిగింది. ఆమె ఎందుకు వస్తోందో నాకు ఆ క్షణమే తెలుసు. తెలిసే పోయాను. తెలియక చేసిన తప్పు కాదిది.

ఫారిన్ పోతున్నారంటే మా వీధిలో ఒక మర్యాద ఉంది. పోయేవాళ్ళకు ఇంటింటి వాళ్ళూ వచ్చి నిమ్మకాయ ఇచ్చి, చేతిలో మురుకులో లడ్లో పెట్టి పోతారు. పోయినవాళ్ళు తిరిగొచ్చేటప్పుడు అందరికీ ఏదో ఒకటి తేవాలి. ఎవరూ నోరు తెరిచి అడగరు. కానీ మురుకులు తెచ్చిచ్చినప్పుడు, "ఆడ టార్చిలైటు బాగుంటుందంట గదా" అని గాలిలో అనేసి పోతారు. ఇంకొకరు తలనొప్పి తైలం అంటారు. ఎదురింటావిడ మూడు మడతలు పడే గొడుగు గురించి అరగంట మాట్లాడింది. బయలుదేరే రోజుకు మా పెట్టెల్లో పదహారు ఇళ్ళ మురుకులు, నా నోట్లో పదహారు ఇళ్ళ జాబితా ఉన్నాయి. ఇద్దరి డాలర్లూ ఒకే చేతిసంచిలో పెట్టాము. లెక్క తెలిసినది నేను కాబట్టి ఆ సంచి నా చంకలో ఉంది.

సింగపూర్ డాలరు అప్పుడు మన రూపాయిల్లో ముప్పై అయిదు. విమానం దిగింది మొదలు నాకు పని పడింది. ముప్ఫై మంది గుంపులో ఎవరు ఏ వస్తువు ముందు నిలబడినా, నా వైపు తిరిగేవారు. "అక్కయ్యా, ఇది ఎంత పడుతుంది?" నేను చెప్పేదాన్ని. నీళ్ళ సీసా రెండు డాలర్లంటే డెబ్బై. అరటిపండు ముప్పై అయిదు. ఒక దోసె నూట నలభై. ఆ అంకె వినగానే చెయ్యి వెనక్కి వచ్చేది. కొంతసేపటికి నేను అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాను. గుంపు నన్ను పొగిడింది. టూరాయన, "ఈయమ్మ ఉంటే మీ దుడ్లు మీ ఊరికే తిరిగి వస్తాయి" అన్నాడు. నేను ఎంత ఉబ్బిపోయానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. చుట్టూ అంత చక్కటి ఊరు, అద్దాల్లా తుడిచిన వీధులు, చెట్లకు కూడా తల దువ్వినట్టు ఉంది. నేను చూసింది ధరల చీటీలు.

మూడో రోజు సాయంత్రం నాలుగు గంటలప్పుడు మమ్మల్ని ఒక నది ఒడ్డుకు తీసుకుపోయారు. ఊరి మధ్యలో నది. మన ఊరి కూవం కంపు గుర్తొచ్చి ముక్కు మీదికి కొంగు పోయింది. ఆ నీళ్ళకు వాసనే లేదు. రాతిమెట్లు నీళ్ళ దాకా దిగి ఉన్నాయి. మెట్ల దగ్గర చెక్క పడవలు, వాటి చూరుకు ఎర్రటి లాంతర్లు వేలాడదీసి ఉన్నాయి. పడవ ఎక్కితే నది వెంట పోయి, సముద్రం మూల దాకా తిప్పి, నలభై నిమిషాల్లో తెచ్చి దింపుతారు. టూరాయన చేతులు ఎత్తి చెప్పాడు, "ఇది మన ప్యాకేజీలో లేదు. ఇష్టమున్నోళ్ళు సొంతంగా కట్టి ఎక్కండి. మిగిలినోళ్ళు ఈడ మెట్ల మీద కూర్చోండి. తలకు పద్దెనిమిది డాలర్లు." ముప్ఫై తలలూ నా వైపు తిరిగాయి. నేను గొంతెత్తి, "ఆరువందల ముప్పై" అన్నాను. మార్కెట్లో వేలం పాట పాడినట్టు. ముప్ఫై మందిలో అయిదుగురు తప్ప అందరూ మెట్ల మీద కూర్చున్నారు.

అక్క కూర్చోలేదు. పడవను చూస్తూ నిలబడింది. పడవ నీళ్ళ మీద కొంచెం పైకీ కిందికీ ఆడుతుంటే, ఆమె తల కూడా తెలియకుండానే ఆడింది. తర్వాత ఆమె చెయ్యి మెల్లగా నా చంకలో ఉన్న సంచి దాకా వచ్చింది. జిప్పు మీద వేలు పెట్టింది. అప్పుడు నేను అన్నాను, "ఇద్దరికీ పన్నెండొందల అరవై అక్కా. నీళ్ళల్లో ఒక చుట్టు తిరిగేదానికి. ఇంకా ఎనిమిది ఇళ్ళకు ఏమీ కొనలేదు మనం."

ఆమె ఒక్కతే ఎక్కి ఉండవచ్చు కదా అని మీరు అడగవచ్చు. మా ఇంట్లో అది లేదు. ఇద్దరికీ లేకపోతే ఒకరికీ లేదు. నేను వద్దంటే ఆమెకు కూడా వద్దన్నట్టే. తగవులు రాకూడదని మా అత్త పెట్టిన నియమం, ఆ రోజు ఆ మెట్ల మీద పడవ ధరను రెండింతలు చేసింది. ఆ చెయ్యి జిప్పు మీది నుంచి జరిగి, నా చీర కుచ్చెళ్ళకు అంటుకున్న మురుకు పొడిని దులిపింది. "సరిలే మ్మే. ఈణ్ణించే కనిపిస్తుంది గదా" అని నా పక్కన కూర్చుంది.

పడవ కదిలింది. అందులో ముందు వరుసలో ఒక తెల్లదొరసాని, మా అక్క వయసే ఉంటుంది, ఒక్కతే కూర్చుని ఐస్‌క్రీమ్ తింటోంది. అక్క ఆమెకు చెయ్యి ఊపింది. ఆమె కూడా ఊపింది. పడవ వంతెన కిందికి పోయి కనపడకుండా పోయే దాకా అక్క చూసి, "ఆయమ్మ దేంతో గుణించుకుంటా ఉందో" అంది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు వినిపించింది. నేనూ నవ్వాను. ఎత్తిపొడుపు అని నాకు తోచలేదు. ఎత్తిపొడుపు కాదు కూడా. నలభై నిమిషాలు మేము పదహారిళ్ళ మురుకుల్లో ఒక ఇంటి మురుకులు తిన్నాము. దిగినవాళ్ళు మొహం నిండా గాలితో, చెదిరిన జుట్టుతో దిగారు. అక్క వాళ్ళలో ఒకామె కొంగును చేత్తో పట్టుకుని చూసి, "తడిచిందే" అంది.

ఆ పన్నెండువందల అరవైతో నేను ఏమి కొన్నానో కూడా చెప్పాలి, ఎందుకంటే అవి ఇంకా నా దగ్గర కొన్ని ఉన్నాయి. గోళ్ళు కత్తిరించుకునేవి రెండు డజన్లు, సగం సింహం సగం చేప ఉన్న బొమ్మ తగిలించిన తాళంచెవి గొలుసులు ఒక డజను, తైలం సీసాలు నాలుగు, ఎదురింటావిడకు మూడు మడతల గొడుగు. బేరం చేసి మరీ కొన్నాను. పెట్టె బరువెక్కితే విమానంవాళ్ళు ఊరుకోరని అక్క తన రెండు చీరలను ఒకదాని మీద ఒకటి కట్టుకుని వచ్చింది.

ఇంటికి వచ్చిన మరుసటి రోజు వీధి వీధంతా కింది ఇంట్లో చేరింది. నేను ఒక్కొక్కరికీ పంచాను. ఎదురింటావిడ గొడుగు విప్పింది, మడిచింది, మళ్ళీ విప్పింది. "బాగుంది. బర్మా బజార్లో కూడా ఇదే ఉంది. మా తమ్ముడు పోయిన వారం తెచ్చినాడు, ఇంకా చవక" అంది. బర్మా బజారంటే బీచి స్టేషను ఎదురుగా ఫుట్‌పాత్ మీది ఫారిన్ సరుకు అంగళ్ళు. పెరంబూరులో రైలెక్కితే అరగంట దూరం. ఇంకొకరు తైలం సీసా తిప్పి చూసి, అది కూడా ఆడ దొరుకుతుందన్నారు. అంతలో ఎవరో, "వస్తువులు సరి, ఏమి చూసినారు చెప్పండి" అన్నారు. ధరలు తప్ప నాకు చెప్పడానికేమీ గుర్తు రాలేదు.

అప్పుడు అక్క చెప్పింది. "పడవెక్కినాము" అంది. నేను ఉలిక్కిపడి చూశాను. ఆమె నా వైపు చూడలేదు. "నది మీద పోతే అట్లే సముద్రం వచ్చేస్తుంది. ఎర్ర లాంతర్లు తల మీద ఊగతా ఉంటాయి. ఏమి గాలి అంటారు. వంతెన కింద పోయేటప్పుడు చల్లగా అయిపోతుంది. నా కొంగు తడిచింది. దీనికి భయమేసి నా చెయ్యి పట్టుకునింది, దిగేదాకా వదల్లేదు" అని నన్ను చూపించింది. అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. గొడుగు మాట మరిచిపోయారు. ఎదురింటావిడ, "పర్వాలేదే, లెక్కల రాణి పడవకు దుడ్లు తీసిందా" అంది. "అదే తీసింది. నేను వద్దంటా ఉంటే అదే తీసింది" అంది మా అక్క.

అందరూ పోయాక నేను గిన్నెలు కడుగుతూ, "ఎందుకక్కా అట్లా చెప్పినావు" అని అడిగాను. "చెప్పేదానికేమి, దుడ్లా కర్చా? పోనీలే" అంది. ఆ ఒక్క అబద్ధంతో నా పరువు కాపాడింది. పద్దెనిమిది డాలర్లు నేను ఇవ్వలేదు, ఇచ్చానని పదిమందిలో చెప్పింది. ఆ రోజు నాకు ఆ బరువు తెలియలేదు. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను, అంతే.

తర్వాత ఆ పడవ మా ఇంట్లో నిలిచిపోయింది. ఎవరు వచ్చినా అక్క చెప్పేది. చెప్పేకొద్దీ పడవ పెద్దదైంది. నలభై నిమిషాలు గంట అయ్యాయి. పడవ నడిపేవాడు తంజావూరువాడని తేలింది. వాడు, ఏ ఊరమ్మా మీది అని అడిగాడు. నేను కూడా నవ్వుతూ ఒకటి రెండు కలిపేదాన్ని. వాడి మీసాలు నేను కలిపినవే. మనసులో మాత్రం ఒకటి అనుకున్నాను, వచ్చే ఏడు మళ్ళీ పోయి నిజంగా ఎక్కించేయాలి, అప్పుడు ఈ అబద్ధం నిజమైపోతుంది అని. వచ్చే ఏడు మా ఇంటాయనకు గుండె ఆపరేషను. ఆ మరుసటేడు మేడకు రిపేరు. తర్వాత ఏటా ఏదో ఒక అడ్డం, అంతలో కరోనా. ఆ తర్వాత అక్కకు మోకాళ్ళు. విమానం మాట పోయి, కనీసం ముట్టుకాడు పోయి అక్కడి పడవైనా ఎక్కుదామని అన్నాను. కారు పెట్టుకుంటే గంటన్నర. అక్క కాళ్ళకు నూనె రాసుకుంటూ, "సింగపూర్లో ఎక్కినాము గదా, మళ్ళా ఎందుకు" అంది. నేను ఆమె మొహంలోకి చూశాను. భుజాలు కదల్లేదు. వేళాకోళం చేస్తోందో, నిజంగానే ఎక్కినట్టు అనుకుంటోందో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ అర్థం కాలేదు. అడగడానికి ధైర్యం కూడా లేకపోయింది.

పోయిన ఏడు ఆమెను ఆసుపత్రిలో చేర్చాము. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. మధ్యాహ్నం పూట నేను దగ్గర ఉండేదాన్ని. ఒక నర్సు పిల్ల సూది వేయడానికి వచ్చి, తన అక్క సింగపూర్లో పని చేస్తోందని అరవంలో ఏదో మాటకు చెప్పింది. అక్క కళ్ళు తెరిచి, మేమూ పోయామని, పడవ ఎక్కామని అరవంలోనే చెప్పింది. నాలుగు మాటలకే ఆయాసం వచ్చింది. నా చెయ్యి తట్టి తెలుగులో, "నువ్వు చెప్పు మ్మే. గాలి ఎట్లా కొట్టిందో చెప్పు" అంది.

నేను చెప్పాను. నర్సు పిల్ల ట్రే పట్టుకుని పోయాక కూడా చెప్పాను. మెట్లు దిగినాము, నేను సంచి తెరిచి ముప్పై ఆరు డాలర్లు తీసి ఇచ్చినాను, నువ్వు వద్దంటా ఉండావు, నేను వినలేదు. చెక్క మీద కాలు పెడితే పడవ వంగింది. నువ్వు ముందు కూర్చున్నావు, కుడి పక్క. "కాదు" అంది, కళ్ళు మూసుకునే. "ఎడం పక్క. మెట్లు ఆ పక్కనే గదా ఉన్నింది." అవును, ఎడం పక్క అన్నాను. మెట్ల మీద ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఏదో తింటా ఉండారు, నువ్వు వాళ్ళకు చెయ్యి ఊపినావు అన్నాను. అది నేను అనుకుని చెప్పింది కాదు, నోటికి వచ్చేసింది. అక్క దుప్పటి గుండెల దాకా లాక్కుంది. తర్వాత, "పాపం, వాళ్ళు కూడా ఎక్కి ఉండొచ్చు" అంది. నేను కిటికీ వైపు తిరిగిపోయాను. ఆ తర్వాత ఆమె ఎనిమిది రోజులు ఉంది. పడవ మాట మళ్ళీ రాలేదు.

ఇదంతా మనవరాలికి నేను చెప్పలేదు. అది లిస్టు పక్కన పెట్టి బాలి ఖర్చులు కూడుకుంటూ, "అవ్వా, తెల్లారి డాల్ఫిన్లను చూపించే పడవ ఒకటి ఉంది. తలకు నలభై అమెరికా డాలర్లు అడుగుతా ఉండారు. నా ఫ్రెండు ఒకతె ఎక్కాలంటుంది, మేము వేస్టు అంటా ఉండాము. ఇంటూ వేసి చెప్పు అవ్వా, ఎక్కువైతే కట్ చేసేస్తాం" అంది. దాని మాట పూర్తయ్యేలోగా నా నోట్లో అంకె తయారుగా ఉంది. నాలిక కొన మీదికి వచ్చి నిలబడింది. నేను దాన్ని మింగేసి, "నాకు తెలియడం లేదే" అన్నాను. అది లేచి వచ్చి, జ్వరమేమోనని నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది. "జొరం లేదులే. నువ్వు ఆ పిల్ల పక్కన నిలబడినప్పుడు ధర పైకి చెప్పొద్దు. ఎక్కేయండి" అన్నాను. "ఏమైంది అవ్వా నీకు ఈరోజు" అని అది ఫోనులో తనే గుణించుకుంది.

చిక్కుడుకాయలు అయిపోయాయి. తీసిన ఈనెలన్నీ కాగితంలో చుట్టి లేచాను. లేచేటప్పుడు పట్టుకోవడానికి నా చెయ్యి అలవాటుగా పక్కకు పోయింది. పక్కన ఎవరూ లేరు. డాలరు ధర ఒక రోజు ఎక్కుతుంది, ఒక రోజు దిగుతుంది అని టీవీలో చెబుతుంటారు. మెట్ల మీద కూర్చుని పోగొట్టుకున్న ఆ నలభై నిమిషాల ధర మాత్రం ఈ పదిహేనేళ్ళలో ఒక్క రోజు కూడా దిగలేదు. దాన్ని దేంతో గుణించాలో మా నాయన నాకు నేర్పలేదు.